సెకండ్ హ్యాండ్ బైక్‌లో ఉన్నట్టుండి కరెంటు పోతుంటే: లోపాన్ని పట్టుకునే పద్ధతి

హైదరాబాద్ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు మీటరు బోర్డులోని దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. హారన్ పలకదు, సెల్ఫ్ నొక్కితే చిన్న చప్పుడైనా రాదు. వెనుక వాహనాల మోత మధ్య బండిని ఎడమ పక్కకు తోసుకువెళ్లి, రెండు నిమిషాలాగి తాళం మళ్లీ తిప్పితే ఏమీ జరగనట్టే అన్నీ వెలుగుతాయి. మెకానిక్ దగ్గరకు వెళ్లేసరికి లోపం కనబడదు కాబట్టి ఆయన అనుమానం మీద బ్యాటరీ మారుస్తారు. వారం తిరగకుండానే బండి మరో సిగ్నల్ దగ్గర మళ్లీ ఆగుతుంది.

నేను కొన్న 125 సీసీ పాత బండికి ఇలాగే ముందు కొత్త బ్యాటరీ, తరువాత కొత్త రెక్టిఫైయర్ (ఇంజిన్‌లో పుట్టే కరెంటును బ్యాటరీ చార్జింగ్‌కు తగినట్టు మార్చే భాగం) వేయించాను. రెండూ అవసరం లేనివేనని తేలడానికి నాలుగు నెలలు పట్టింది. అసలు లోపం ఒకే ఒక్క వైరులో ఉంది. దాన్ని బాగుచేయడానికి జానెడు ముక్క సరిపోయింది. అందుకే మొదటే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. వచ్చి పోయే లోపం ఫలానా చోటనే ఉందని మల్టీమీటరులోనో టెస్టర్ బల్బులోనో కళ్లారా చూసే వరకు ఏ భాగాన్నీ మార్చవద్దు, మార్చనివ్వవద్దు.

ముందుగా: ఏది పోయింది, ఏది మిగిలింది

బండి ఆగిన ఆ రెండు నిమిషాలే మీకు దొరికే అసలైన సాక్ష్యం. ఆ సమయంలో కంగారుగా సెల్ఫ్ నొక్కుతూ ఉండకుండా, బండిని రోడ్డు పక్కన పెట్టిన వెంటనే మూడు విషయాలు చూడండి: న్యూట్రల్ దీపం వెలుగుతోందా, హారన్ మోగుతోందా, ఇండికేటర్ వేస్తే మిణుకుతోందా. ఈ మూడూ బ్యాటరీ కరెంటుతో పనిచేసేవే. హెడ్‌లైట్‌ను మాత్రం ప్రమాణంగా తీసుకోవద్దు, ఎందుకంటే చాలా పాత కమ్యూటర్ బండ్లలో హెడ్‌లైట్‌కు కరెంటు ఇంజిన్‌లోని కాయిల్ నుంచే నేరుగా వస్తుంది. ఇంజిన్ ఆగితే బ్యాటరీ బాగున్నా అది వెలగదు.

మూడూ పోయాయంటే లోపం బ్యాటరీకీ తాళం స్విచ్‌కూ మధ్యనున్న ప్రధాన మార్గంలోనో, ఎర్త్‌లోనో (బ్యాటరీ మైనస్‌ను బండి లోహానికి కలిపే మార్గం) ఉన్నట్టు. మూడూ పనిచేస్తూ ఇంజిన్ ఒక్కటే ఆగితే అది వేరే జబ్బు. కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, పికప్ కాయిల్, ప్లగ్ క్యాప్ వైపు చూడాలి, పెట్రోల్ సరఫరానూ గమనించాలి. అలా కాకుండా దీపాలు కొన్ని నిమిషాలపాటు మసకబారుతూ పోయి చివరికి బండి ఆగితే, అది కరెంటు తెగడం కాదు, బ్యాటరీ చార్జ్ కాకపోవడం.

మీ బండి ఏ తరానిదో కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. కార్బురేటర్ ఉన్న కొన్ని పాత బండ్లలో సీడీఐకి (ప్లగ్‌కు నిప్పురవ్వ పుట్టించే పెట్టె) కాయిల్ నుంచే కరెంటు అందుతుంది కాబట్టి బ్యాటరీ తెగిపోయినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాక వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో పెట్రోల్ పంపుకూ ఈసీయూకూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) బ్యాటరీ వైపు నుంచి కరెంటు నిలకడగా అందాలి. ఆ బండ్లలో తాళం వేయగానే (అంటే ఆన్ చేయగానే) సీటు కింద నుంచో ట్యాంకు నుంచో రెండు మూడు సెకన్లపాటు పంపు సన్నగా గుయ్‌మంటుంది. బండి ఆగిపోయిన చోట ఆ శబ్దం వినబడలేదంటే అదీ రాసుకోవలసిన ఆధారమే.

రాసుకోవడం అని ఊరికే అనలేదు. ఫోన్‌లోనో చిన్న పుస్తకంలోనో ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి: స్పీడ్ బ్రేకర్ దాటగానే పోయిందా, హ్యాండిల్ బాగా తిప్పినప్పుడు పోయిందా, అరగంట ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కాక పోయిందా, వానలో తడిశాక పోయిందా. కుదుపుకు పోయేది బ్యాటరీ టెర్మినల్‌నూ ఫ్యూజ్ హోల్డర్‌నూ చూపిస్తుంది. హ్యాండిల్ తిప్పితే పోయేది స్టీరింగ్ మెడ దగ్గరి వైరింగ్‌ను, వేడికి పోయేది కాయిల్‌నూ రెక్టిఫైయర్‌నూ చూపిస్తుంది. మూడు నాలుగు సంఘటనలు రాసేసరికి వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

కావలసినవి

డిజిటల్ మల్టీమీటర్ ఒకటి చాలు. కోఠిలోని గుజరాతీ గల్లీలో మామూలు రకం దొరుకుతుంది, ఈ పనికి ఖరీదైనది అక్కర్లేదు. దానితో పాటు 12 వోల్టులు, 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు ఒకటి తీసుకుని దానికి రెండు వైర్లు టంకం వేసి టెస్టర్ బల్బు తయారు చేసుకోండి. ఇది మీటరు కన్నా నిజం చెప్పే సందర్భాలున్నాయి, ఎందుకో తరువాత చెబుతాను. సరైన ఆంపియర్ల ఫ్యూజులు రెండు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, సన్నని ఎమరీ పేపర్, వ్యాజలీన్, హీట్ ష్రింక్ స్లీవ్ కూడా దగ్గర పెట్టుకోండి. మీ మోడల్ వైరింగ్ బొమ్మ సంపాదించగలిగితే సగం శ్రమ తప్పుతుంది, ఎందుకంటే వైర్ల రంగులు కంపెనీకొక తీరుగా ఉంటాయి.

పనికి ముందు చేతి ఉంగరాలు, కడియాలు తీసేయండి. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, ప్లస్ తరువాత విప్పాలి. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. ఈ వరుస తప్పితే ప్లస్ దగ్గర తిప్పుతున్న స్పానర్ చాసిస్‌కు తగిలి పెద్ద నిప్పురవ్వ లేస్తుంది, పెట్రోల్ ట్యాంకు మూరెడు దూరంలోనే ఉంటుంది.

బ్యాటరీ, టెర్మినళ్లు, ఫ్యూజ్

రాత్రంతా నిలిపి ఉంచిన బండికి ఉదయం తాళం వేయకముందే బ్యాటరీ కొమ్ముల (టెర్మినళ్ల) మీద వోల్టేజీ చూడండి. 12.6 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే కొంత తగ్గినట్టు, 12 దగ్గరకు వచ్చిందంటే దాదాపు ఖాళీ. తరువాత సెల్ఫ్ నొక్కుతూ చూడండి. ఆ క్షణంలో 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీ బలహీనంగా ఉందని అర్థం. అయితే బలహీనమైన బ్యాటరీ సెల్ఫ్‌ను తిప్పలేకపోతుంది గానీ, నడుస్తున్న బండిలో అన్నీ ఒక్కసారి ఆర్పి మళ్లీ వెలిగించడం దాని లక్షణం కాదు. అరుదుగా లోపలి సెల్లుల మధ్య అతుకు విరిగి అలా చేస్తుంది. టెస్టర్ బల్బు వెలిగించి ఉంచి, బ్యాటరీ పక్కలను అరచేతితో తట్టినప్పుడు బల్బు ఆరి వెలిగితే అది ఆ కేసే, అప్పుడు మాత్రం బ్యాటరీ మార్చక తప్పదు.

ఇప్పుడు ప్లస్, మైనస్ వైర్ల చివరి కొక్కేలను వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. కొంచెమైనా కదిలితే స్క్రూ బిగువు చాలలేదు. చిన్న బ్యాటరీలలో కొమ్ము లోపల ఒక చదునైన నట్టు జారుతూ ఉంటుంది, స్క్రూ బిగిసినట్టే అనిపించి కొక్కెం మాత్రం వదులుగా మిగిలిపోతుంది. తెల్లని పొడి పేరుకుని ఉంటే వైర్లు విప్పి, వంట సోడా కలిపిన నీటితో బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాక పైన పలుచగా వ్యాజలీన్ రాయండి. మైనస్ వైరు రెండో కొస ఇంజిన్‌కో చాసిస్‌కో ఎక్కడ బిగించి ఉందో వెతికి, అక్కడా ఇదే పని చేయాలి. చాలామంది ఆ రెండో కొసను అసలు చూడరు. పెయింట్ కింద తుప్పు పట్టిన ఆ ఒక్క బోల్టు బండి మొత్తాన్ని ఆపగలదు.

ఫ్యూజ్ విషయంలో, ఫ్యూజ్ మాడిందా లేదా అని మాత్రమే చూసి వదిలేయకండి. అది కూర్చునే హోల్డర్ రేకులు వేడికి వదులై, పక్క ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. తాళం వేసి ఫ్యూజ్‌ను వేలితో మెల్లగా కదిపి న్యూట్రల్ దీపం మిణుకుతుందేమో చూడండి. పాత బండ్లలో ఫ్యూజ్‌కు బదులు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో రాగి పోగో చుట్టి ఉండడం నేను చూశాను. అది కనబడితే వెంటనే తీసేయండి. ఎక్కడైనా షార్ట్ అయితే తెగవలసింది ఫ్యూజ్, అది తెగకపోతే కాలేది ట్యాంకు కింది వైరింగ్. ఫ్యూజ్ మీద ఉండవలసిన ఆంపియర్లు హోల్డర్ మీదో మాన్యువల్‌లోనో రాసి ఉంటాయి, అంతకు మించినది వేయకూడదు.

లోడు పెట్టి చూడడం

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఒక వైరులో ఇరవై రాగి పోగులుండి, పంతొమ్మిది తెగి ఒకటే మిగిలిందనుకోండి. మీటరు తనకోసం తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి ఆ ఒక్క పోగు గుండానే 12.5 చూపిస్తుంది, మీరు ఆ వైరు బాగుందని ముందుకు వెళ్లిపోతారు. అదే చోట 21 వాట్ల టెస్టర్ బల్బు పెడితే అది దాదాపు 1.75 ఆంపియర్లు అడుగుతుంది. ఒక్క పోగు అంత ఇవ్వలేక వోల్టేజీ పడిపోతుంది, బల్బు ఎర్రగా మసకగా వెలుగుతుంది, లేదా అసలు వెలగదు. బల్బు మీటరు కన్నా నిజం చెబుతుందన్నది ఇందుకే.

కాబట్టి కొలిచే ప్రతిసారీ బండి మీద లోడు, అంటే కరెంటు తీసుకునే దీపం ఏదైనా, ఉండాలి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో హెడ్‌లైట్ ఆర్పే స్విచ్ ఉండదు, కొన్నింటిలో ఇంజిన్ నడిస్తేనే అది వెలుగుతుంది. అందువల్ల బ్రేక్ లివర్‌ను రబ్బరు బ్యాండుతో నొక్కి కట్టి బ్రేక్ లైట్ వెలిగించి ఉంచడం సులువు. అది ఎల్ఈడీ అయితే చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది, అప్పుడు తాళం స్విచ్ నుంచి బయటికి వచ్చే వైరుకూ చాసిస్‌కూ మధ్య మీ టెస్టర్ బల్బును కలిపి వెలిగించి ఉంచండి.

మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల పిన్నును బ్యాటరీ మైనస్ కొమ్ము మీదే ఉంచండి. ఎర్ర పిన్నుతో వరుసగా నడవండి: బ్యాటరీ ప్లస్, ఫ్యూజ్‌కు ముందు, ఫ్యూజ్ తరువాత, తాళం స్విచ్ కప్లర్‌లోకి (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు) వచ్చే వైరు, స్విచ్ నుంచి బయటికి వచ్చే వైరు. ఒక్కొక్క చోట అంకె రాసుకోండి. ఒక మజిలీకీ తరువాతి మజిలీకీ మధ్య 0.1 లేదా 0.2 వోల్టు తగ్గితే పరవాలేదు. అర వోల్టు తగ్గిందంటే ఆ రెండింటి నడుమ ఏదో అతుకు చెడిపోతోంది, ఈ రోజు అర వోల్టు మింగినది రేపు మొత్తం మింగుతుంది. ఎర్త్‌ను చూడడానికి ఎర్ర పిన్ను ఇంజిన్ మీది శుభ్రమైన లోహానికి తాకించండి, అక్కడ 0.2 కన్నా ఎక్కువ వస్తే మైనస్ వైరు సంగతి చూడాలి.

కుదపడం, తిప్పడం, లాగడం

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, తాళం వేసి, టెస్టర్ బల్బు వెలుగుతుండగా హ్యాండిల్‌ను ఎడమ కొస నుంచి కుడి కొస వరకు మెల్లగా పదిసార్లు తిప్పండి. తరువాత స్టీరింగ్ మెడ దగ్గరి వైర్ల కట్టను పిడికిట్లో పట్టుకుని నొక్కుతూ వదులుతూ రండి, హెడ్‌లైట్ డూమ్ లోపలి కప్లర్లను ఒక్కొక్కటే కదపండి, చివరకు సీటును గట్టిగా కుదపండి. ఒక చేయి వైరింగ్ మీద, రెండు కళ్లూ బల్బు మీద ఉండాలి. తొందరపడితే ఈ పరీక్ష ఫలించదు. నేను మొదటిసారి ఐదు నిమిషాల్లో ముగించి ఏమీ లేదనుకున్నాను.

రెండోసారి, హ్యాండిల్ కుడి కొసకు ఇంకో రెండు వేళ్ల దూరం ఉందనగా బల్బు ఒక్క క్షణం మిణికింది. పాత యజమాని ఫాగ్ లైట్లు పెట్టించుకుని, వాటి వైర్లను అసలు వైరింగ్‌తో కలిపి స్టీరింగ్ మెడ దగ్గర ప్లాస్టిక్ టైతో బిగించి కట్టారు. కట్ట మొత్తం వంగవలసింది పోయి అంతా ఆ ఒక్క చోటే వంగుతూ వచ్చింది. టై కోసి, జిగురు కారుతున్న టేపు విప్పి చూస్తే వైర్లన్నీ పైకి చక్కగానే ఉన్నాయి. అప్పుడు ఒక్కొక్క వైరును రెండు చేతుల వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగాను. అన్నీ బిగువుగా ఉన్నాయి, ఒక ఎర్ర వైరు మాత్రం రబ్బరులా సాగింది. రాగి ఉన్న వైరు సాగదు. సాగిందంటే లోపల రాగి తెగి ప్లాస్టిక్ తొడుగే మిగిలిందని అర్థం. బ్లేడుతో తొడుగు చీలిస్తే లోపలి పోగులు నల్లబడి, కొసలకు ఆకుపచ్చ చిలుము పట్టి ఉన్నాయి. హ్యాండిల్ నిటారుగా ఉన్నప్పుడు రెండు మూడు పోగులు ఒకదానికొకటి ఆనుకుని బండిని నడిపించాయి, బాగా తిప్పినప్పుడు విడిపోయి ఆపేశాయి.

ఇలాంటి వైరును కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేయకండి. మన మే నెల ఎండలో ఆ టేపు జిగురు కరిగి వారాల్లో ఊడిపోతుంది. చిలుము పట్టిన భాగం పూర్తిగా కోసేసి, రాగి మెరిసే చోటు నుంచి అదే మందం గల వైరు ముక్కను టంకం వేసి కలిపి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి. అతుకులు వంగే చోట కాకుండా దానికి కాస్త ఎడంగా రావాలి. హ్యాండిల్ రెండు కొసలకూ తిరిగినా వైరు లాగుకోకుండా కొంచెం వదులు ఉంచాలి.

తాళం స్విచ్

వైరింగ్ కుదిపినా ఏమీ కాలేదంటే, తాళాన్ని ఆన్‌లో ఉంచి చెవిని వెంట్రుకవాసి అటూ ఇటూ కదపండి. బల్బు మిణికితే స్విచ్ అడుగున ఉన్న రాగి రేకులు అరిగాయి, లేదా వాటి గ్రీజు ఎండి నల్లబడింది. ఇంటి తాళాలన్నీ ఒకే గుత్తిగా బైక్ చెవికి వేలాడదీసే అలవాటు ఈ అరుగుదలను పెంచుతుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగితే కొన్నాళ్లు కుదురుకోవచ్చు. అరిగిన స్విచ్‌ను మార్చవలసిందే. ట్యాంకుకూ స్విచ్‌కూ ఒకే చెవి కావాలంటే లాక్ సెట్ మొత్తం తీసుకోవాలి. పుత్లీబౌలిలో విడిభాగాల దుకాణాలకు వెళ్లేటప్పుడు పాత స్విచ్ కప్లర్‌ను వెంట తీసుకువెళ్లి, వైర్ల సంఖ్య, పిన్నుల వరుస సరిచూసుకుని కొనండి.

ఇంటి దగ్గర లోపం బయటపడకపోతే

కొన్ని లోపాలు రోడ్డు మీదే వస్తాయి. వాటికి నేను వాడిన ఉపాయం మీటరు బోర్డులో వాడే రెండు చిన్న బల్బులు. ఒకదాన్ని ఫ్యూజ్ తరువాతి వైరుకు, రెండోదాన్ని తాళం స్విచ్ నుంచి బయటికి వచ్చే వైరుకు కలిపి, రెండింటి మైనస్‌నూ చాసిస్‌కు కాకుండా నేరుగా బ్యాటరీ మైనస్ కొమ్ముకు ఇచ్చి, హ్యాండిల్ మీద కనబడేట్టు టేపుతో అంటించండి. మొదటి బల్బు తాళం తీసినా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఇల్లు చేరగానే విడదీయాలి. నడుస్తూ బల్బుల వైపు చూడవద్దు, బండి ఆగి పక్కకు తీసుకున్నాకే చూడండి. రెండూ ఆరి ఉంటే బ్యాటరీ, టెర్మినళ్లు, ఫ్యూజ్ హోల్డర్‌లలోనే లోపం. మొదటిది వెలుగుతూ రెండోది ఆరితే ఫ్యూజ్ నుంచి స్విచ్ దాకా ఉన్న వైరు, కప్లర్లు, లేదా స్విచ్. రెండూ వెలుగుతున్నా బండిలో మిగతావేవీ పనిచేయకపోతే చాసిస్ ఎర్త్, లేకపోతే స్విచ్ తరువాతి వైరు.

వానాకాలంలోనే వచ్చే లోపమైతే కప్లర్లు విప్పి గాలి కొట్టి, పిన్నులకు చిలుము ఉంటే క్లీనర్‌తో తీసి, మళ్లీ టక్కుమనేదాకా బిగించండి. మలక్‌పేట రైలు వంతెన కింద నిలిచిన నీళ్లలోంచి బండిని తోసుకొచ్చినవారు ఈ పని ఆ వారంలోనే చేయడం మంచిది. వాటర్ వాష్‌లో ప్రెషర్ గన్నును హెడ్‌లైట్ వెనుకకూ సీటు కిందికీ పట్టనివ్వకండి.

మసకబారుతూ ఆగే బండికి మాత్రం చార్జింగ్ చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా రేజ్ కొంచెం పెంచి బ్యాటరీ కొమ్ముల మీద కొలిస్తే 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. 13 కూడా దాటకపోతే కాయిల్, రెక్టిఫైయర్, వాటి మధ్య కప్లర్ చూడాలి. 15 దాటితే రెక్టిఫైయర్ చెడిపోయింది, బల్బులూ బ్యాటరీ కూడా దానివల్లే త్వరగా పాడవుతాయి. ఈ కొలత చల్లని ఇంజిన్‌తో ఒకసారి, అరగంట నడిపాక మరోసారి తీసుకోవాలి, ఎందుకంటే వేడికి మాత్రమే చెడే కాయిల్ ఉదయం పూట అన్ని పరీక్షలూ పాసవుతుంది.

ఏబీఎస్ దీపం, ఇంజిన్ దీపం కూడా వెలిగి ఉండిపోతుంటే ఆ బండిని స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వడమే మేలు. మీరు రాసుకున్న సంఘటనలు, మజిలీల వారీ వోల్టేజీ అంకెలు ఆయన చేతికివ్వండి. అనుభవమున్న మనిషి ఆ కాగితం చూడగానే ఎక్కడ చేయి పెట్టాలో తెలుసుకుంటారు.

బాగుచేశాక నడుస్తోంది కదా అని వదిలేయకుండా, లోపం మొదట ఏ పరిస్థితిలో వచ్చిందో ఆ పరిస్థితినే మళ్లీ కల్పించండి. హ్యాండిల్ తిప్పితే వచ్చేదైతే లోడు పెట్టి యాభైసార్లు తిప్పండి, కుదుపుకు వచ్చేదైతే అదే స్పీడ్ బ్రేకర్ల దారిలో వెళ్లండి. అదే వరుసలో వోల్టేజీలు మళ్లీ కొలిచి, తేదీతో సహా సైడ్ ప్యానెల్ లోపలి వైపు మార్కర్‌తో రాసి, ఆ పక్కనే రెండు విడి ఫ్యూజులు టేపుతో అంటించి ఉంచండి.